బొమ్మ కుదిరేదాకా

మొన్న దోహాలో ముషైరిబ్‌లో ఒక కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను. మా అమ్మాయి కాలేజీలో చేరింది, ల్యాప్‌టాప్ లేకపోతే కుదరదంట. సెలవుకి ఊరెళ్ళేటప్పుడు పట్టుకెళ్దామని. మనకి ఖరీదైనవెందుకు, చవకలో మంచిది చూపించవయ్యా అంటే, ఆ సేల్స్‌మన్, మలయాళీ ఆయన, ఓ నాలుగు తీసి చూపించాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, ఇంకో రెణ్ణెల్లు ఆగితే ఇదే రేటులో కొత్త ప్రాసెసర్ ఉన్నవి వస్తాయి, బొమ్మ అద్దంలా ఉంటుంది, ఇప్పుడు కొనకు భాయ్ అన్నాడు. అమ్ముకునేవాడు కొనొద్దని చెప్పడం నా గల్ఫ్ బతుకులో అదే మొదలు.

పాపం మంచికే చెప్పాడు. నాకే ఫక్కున నవ్వొచ్చేసింది. ఒకాయన గుర్తొచ్చాడు. "వస్తది తమ్మీ, జర ఆగు" అనేవాడు ఎప్పుడు చూసినా. నేను మాత్రం ఆగలేదు. ఆ పూటే, ఉన్నవాటిలో ఒకటి కొనేసి బయటికొచ్చాను. ఎందుకో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి.

పేరు చెప్పను. చెబితే ఆయనకి సిగ్గు. నాకు అన్న, ఆయనకి నేను తమ్మి, అంతే. ఆయనది జగిత్యాల పక్క పల్లెటూరు, నాది కోనసీమ. మొదట్లో ఆయన మాట నాకూ, నా యాస ఆయనకీ సగం సగమే ఎక్కేవి. మధ్యలో కాస్త హిందీ పోసుకుని లాక్కొచ్చేవాళ్ళం.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు రావడానికి ఇంకా చాలా టైముంది అప్పటికి. దోహా అంతా క్రేన్లూ, దుమ్మూను. ఓ సాయంత్రం ఏషియన్ టౌన్‌లో సినిమా హాలు బయట నిలబడి కరక్ చాయ్ తాగుతూ ఇంటికి ఫోన్ మాట్లాడుతున్నాను. బియ్యం సంచి చంకలో పెట్టుకుని ఒకాయన వచ్చి, నా ఫోన్ అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ఏ ఊరని అడగలేదు, పేరడగలేదు. "తమ్మీ, మీ రూముల వైఫై మంచిగుంటదా?" అన్నాడు. ముక్కూ మొహం తెలీని మనిషిని మొదటి మాటే అది అడిగినవాణ్ణి మళ్ళీ నేను చూళ్ళేదు.

నేను మదీనత్ ఖలీఫాలో హౌస్ డ్రైవర్ని. విల్లా గోడవారగా నాకో చిన్న గది. ఇంట్లో వైఫై గోడ దాటి నా మంచం దాకా వస్తుంది. ఆ ముక్క నోరు జారానో లేదో, పై శుక్రవారం గేటు దగ్గర ఉన్నాడు. శుక్రవారం నమాజు కాగానే మా బాబా, అంటే ఇంటి యజమాని, పిల్లాజెల్లతో వాళ్ళ నాన్నగారింటికి భోజనానికి వెళ్ళిపోతాడు. బండి ఆయనే నడుపుకుంటాడు. పొద్దుగుంకేదాకా నాకు డ్యూటీ మాఫీ. ఆ నాలుగు గంటలూ ఆయన రాజ్యం.

సంచిలో ఉన్నది బియ్యం కాదు, ల్యాప్‌టాప్. క్యాంపులో పక్క మంచం నేపాలీ మనిషి దేశం వెళ్ళిపోతూ ఇచ్చేశాడంట. మూత ఒక పక్క పగిలితే టేపు వేశాడు. అందులో విండోస్ లేదు, లినక్స్ ఉంది. ఈయనకి రెండిటికీ తేడా తెలీదు. తెలిసిందల్లా ఒకటే, లినక్స్‌కి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు, ఎవరెవరో ఊరికే రాసి పెడతారు. ఆ ఒక్క ముక్కకే దాని మీద భక్తి కుదిరింది ఆయనకి. పోనీ విండోస్ వేయించుకో అన్నా అంటే, పెళ్ళాన్ని మార్చుకోమన్నట్టు చూసేవాడు నన్ను.

ఆయన చెయ్యి సంగతి ఇక్కడే చెప్పేయాలి. కుడి చెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులో ఉండేది. చాయ్ గ్లాసు ఎడమ చేత్తో, తలుపు గడియ ఎడమ చేత్తో. ఏంటో దొరబాబులా ఈ వాలకం అని, కాల్ ఇంకా కుదరని ఆ మొదటి రెండు మూడు వారాలూ మనసులో నవ్వుకున్నాను. ఓ రోజు ల్యాప్‌టాప్ మూత ఒంటిచేత్తో తెరుచుకోక, జేబులోంచి తీశాడు. ఉంగరం వేలూ చిటికెన వేలూ లేవు. షట్టరింగ్ కార్పెంటరుగా ఉండగా రంపం మిషన్ తీసుకుపోయిందంట. ఆ తర్వాత కంపెనీ ఆయన్ని సైటాఫీసులో చాయ్ డ్యూటీలో వేసింది. చెప్పడం కూడా ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఇంటి తాన తెల్వది తమ్మీ. నువ్వు చెప్పకు" అన్నాడు.

నేనెలా చెప్తానన్నా, వదినకి వినపడదు, మాట రాదు, మీ చేతుల భాష నాకు రాదు అన్నాను. "నీ మొకం చెప్తది" అన్నాడు.

అదీ అసలు సంగతి. వదిన పుట్టుకతోనే మూగ, చెవుడు. ఊళ్ళో బీడీలు చేస్తుంది. బడికెళ్ళింది లేదు, చేతులతో మాట్లాడటం ఎవరూ నేర్పింది లేదు. పెళ్ళయ్యాక వీళ్ళిద్దరే కూర్చుని ఒక్కో మాటా కట్టుకున్నారు. నుదుటి మీద చెమట తుడిచి గాల్లోకి చెయ్యి లేపితే దుబాయ్. వాళ్ళ ఊళ్ళో ఖతార్ కూడా దుబాయే కదా. గుప్పిట్లో ఆకు చుట్టినట్టు చేస్తే ఆమె. బొటనవేలితో చెక్క మీద గీత గీసినట్టు చేస్తే ఆయన. నాకు కూడా ఒక పేరు పెట్టిందావిడ, రెండు చేతులతో స్టీరింగ్ తిప్పినట్టు. తెర మీద నేను కనపడగానే స్టీరింగ్ తిప్పి దణ్ణం పెట్టేది. నాకు మా అమ్మ పెట్టిన పేరు కంటే అదే బాగుండేది.

ఆ మాటలన్నిట్లో ఒక మాట ఉంది. మిగతా వేళ్ళు మడిచి, ఉంగరం వేలూ చిటికెన వేలూ జతగా లేపితే "మనిద్దరం", అదీ కుడి చేత్తోనే, ఎడమ చేత్తో అంటే వేరే మాటంట. పొడుగుది ఆయన, పొట్టిది ఆమె. రంపం సరిగ్గా ఆ రెండే తీసుకుపోయింది.

ఫోన్లో మాట్లాడుకోవచ్చుగా అని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. ఫోను ఒక చేత పట్టుకుంటే మిగిలేది ఒక్క చెయ్యే, సగం మాట నోట్లోనే ఉండిపోయినట్టు ఉంటుందంట. గోడకి ఆనించి పెడితే ఆ చిన్న బొమ్మలో వేళ్ళు ఆయన కళ్ళకి ఆనవు. అందుకని ల్యాప్‌టాపే కావాలి. ఆ ల్యాప్‌టాపేమో ముసలిది. వీడియో పెట్టగానే ఆయాసం వచ్చేసేది దానికి. బొమ్మ అడ్డంగా చిరిగేది. పై సగంలో వదిన మొహం నవ్వుతుంటే కింద సగంలో చేతులు ఎప్పటివో ముందువి. గళ్ళు గళ్ళుగా, తునకలు తునకలుగా. అటు ఆమెకీ ఈయన అలాగే కనపడేవాడు.

కంప్యూటర్లో బొమ్మని తెర మీదకి నడిపించే చిన్న ప్రోగ్రాం ఉంటుందంట, దాన్ని కూడా డ్రైవరనే అంటారు. ఆ డ్రైవరు సరిగ్గా లేక ఈ తిప్పలన్నీ. అది బాగుపడాలంటే ఎవరో ఎక్కడో దాన్ని తిరగరాసి అప్‌డేట్‌గా వదలాలి. ఆయన వాటిని అప్‌డేట్లు అనేవాడు కాదు, మందు అనేవాడు. ఈ శుక్రవారం మందొచ్చిందా అన్నా అంటే, చూద్దాం తమ్మీ అంటూ కాళ్ళు కడుక్కొచ్చి కూర్చునేవాడు. నిజంగానే, పూజకి కూర్చున్నట్టు కాళ్ళు కడుక్కునేవాడండి.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలోలా ఉంటాయి నాకు. పరదా వెనక తెల్లటి ఎండ. ఏసీ ఒకటే గుయ్యిమని. వీధిలో అలికిడి లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కింద నుంచి పైకి పాక్కుంటూ పోయేవి. మాకిద్దరికీ అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆయన మాత్రం చెంపకి చెయ్యి చేర్చుకుని, వాన చూస్తున్నట్టు చూసేవాడు. చూస్తూ చూస్తూ సన్నగా మాట్లాడేవాడు. ఈ డ్రైవరు రాసే మనిషి ఎవరో, ఎక్కడ కూర్చుని రాస్తాడో. బయట మంచు పడుతుంటుందేమో. వాడి పెళ్ళాం కూడా దూరాన ఉందేమో, లేకపోతే ఎవడికో చెడిన బొమ్మ కోసం వీడు ఇంత కష్టపడడు కదా అనేవాడు. ఒక్కోసారి ఆ మనిషికి చలేస్తుందని కూడా బెంగపడేవాడు. నేను మంచం మీద ఒరిగి వింటూ నిద్రలోకి జారిపోయేవాణ్ణి. నిద్రలో నాకు కూడా మంచూ, కిటికీ, లాంతరు పక్కన ఒక మనిషీ కనపడేవారు. లాంతరెందుకొచ్చిందో నాకు తెలీదు.

మందు పడ్డాక బొమ్మ ఒక్కోసారి కాస్త నయమయ్యేది, ఒక్కోసారి అసలుకే మోసం వచ్చి తెరంతా నల్లబడేది. నల్లబడ్డ రోజు కాల్ లేదు. ఆ రోజు క్యాంపు నుంచి తెచ్చిన సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టి, తను తినకుండా కూర్చునేవాడు.

ఇహ ప్రాసెసర్ పురాణం. యూట్యూబులో చూశాడంట, చవక ల్యాప్‌టాపుల్లోకి కొత్త ప్రాసెసర్ వస్తోంది, బొమ్మని నడిపే బలం అందులోనే ఉంటుంది, వీడియో నీళ్ళలా పారుతుందని. అది రాగానే కొంటానన్నాడు. వచ్చింది. కొందాం పద అంటే, వచ్చింది గానీ దానికి లినక్స్‌లో మందు ఇంకా రాలేదు, ఓ ఆర్నెల్లు పోవాలన్నాడు. మందు కూడా వచ్చింది. తీరా అప్పటికి ఇంకో కొత్తది వస్తోందన్నారు, దానికోసం ఆగుదామన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం అని నేను దెప్పిపొడిస్తే, కిటికీలోంచి బయటకి చెయ్యి చూపించేవాడు. ఊరంతా అలాగే ఉందిగా మరి. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ మూసేవాళ్ళు, పొద్దున్న ఉన్న దారి సాయంత్రానికి మళ్ళించేవాళ్ళు. మ్యాపుని నమ్మి నేను ఎన్నిసార్లు మా ఇంటి మేడమ్‌తో చివాట్లు తిన్నానో. ఇంత పెద్ద ఊరే కప్పు వచ్చేదాకా ఆగుతుంటే నేనాగలేనా అనేవాడు ఆయన.

మధ్యలో కరోనా వచ్చిపడింది, విమానాలు ఆగిపోయాయి, సెలవులు పోయాయి. తర్వాత విమానాలు ఎగిరినా ఆయన సెలవు అడగలేదు. కాల్ పెట్టినప్పుడు కుడి చెయ్యి కదుపుతూనే ఉండేవాడు, ఒకచోట నిలపకుండా. వదిన ఏదో అడిగితే తెరని చూపించి, చేతులు చీల్చినట్టు చేసి, బొమ్మ చిరిగిపోతోందని చెప్పేవాడు. వేళ్ళ సంగతంతా ఆ పాడు డ్రైవరు మీద తోసేశాడన్నమాట. నాకు అర్థమైంది. అర్థమైనా చాలాకాలం ఊరుకున్నాను.

కప్పు దగ్గర పడింది. స్టేడియాలు తళతళలాడుతున్నాయి, రోడ్లన్నీ ఒక్కసారిగా తెరిచేశారు, గోడల నిండా జెండాలు. పని అయిపోయింది కాబట్టి కంపెనీలు మనుషుల్ని ఇళ్ళకి పంపడం మొదలెట్టాయి. ఆయన క్యాంపు కూడా ఖాళీ అవుతోంది, రేపో మాపో ఈయన వంతు. ఓ రోజు బలవంతంగా బండెక్కించి షాపుకి తీసుకెళ్ళాను. ఆయన కోరిన ప్రాసెసరే, మందు కూడా ఎప్పుడో వచ్చేసిందే, అద్దాల వెనక కూర్చుని ఉంది. దాన్ని ఎడమ చేత్తో అద్దం మీదే నిమిరాడు. నిమిరి, వచ్చే యేడుది ఇంకా మంచిగుంటదట తమ్మీ, ఆగుదాం అన్నాడు.

నాకు తిక్క లేచిపోయింది. బండిలో కూర్చున్నాక అనేశాను. నువ్వు ఆగుతున్నది చిప్పు కోసం కాదన్నా, బొమ్మ బాగుపడితే వదిన నీ చెయ్యి చూస్తుందని. ఎల్లుండి ఊరెళ్తే చూడదా, అప్పుడు ఏ డ్రైవర్ని తిడతావు అని. కోపంలో కాస్త గట్టిగానే అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కార్నిష్ పక్కన సముద్రం మెరుస్తోంది. అటే చూస్తూ అన్నాడు.

"సూస్తే ఏడుస్తదని గాదు తమ్మీ. ఏడిస్తే సముదాయిస్త. మనిద్దరం అని ఆమె అంటే, మల్ల నేను అననీకి నా తాన ఏమున్నది? నేను మూగోణ్ణయిన."

రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. నా పది వేళ్ళూ నాకే బరువుగా అనిపించాయి.

ఆ పై శుక్రవారం మామూలుగానే వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. తెర మీద అక్షరాలు పాకాయి, ఆగాయి, మళ్ళీ స్టార్ట్ చేసుకోమన్నాయి. చేసుకున్నాడు. కాల్ కలిపాడు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని లోపలికొస్తున్నాను.

బొమ్మ కుదిరింది.

ఆ ముసలి ల్యాప్‌టాపే. కొత్త ప్రాసెసరూ లేదు, ఏమీ లేదు. ఎక్కడో ఆ మనిషి, ఆ మంచులో మనిషి, పాతదాన్ని కూడా మర్చిపోకుండా ఏదో దిద్దినట్టున్నాడు. వదిన నిండుగా ఉంది తెర మీద. ఒళ్ళో బీడీల చాట, చాటలో తునికాకు ఈనెలు, ముంగురుల్లో నెరిసిన వెంట్రుకలు, అన్నీ. చిరుగు లేదు, గళ్ళు లేవు. చెయ్యి ఊపితే చెయ్యి ఊపినట్టే ఉంది. ఇన్నేళ్ళు కోరుకున్న బొమ్మ ఎదురుగా నిలబడితే, ఆయన చటుక్కున కుడి చెయ్యి బల్ల కిందకి దాచేశాడు.

ఆమె చూసింది. అంటే, ఆయన దాచడం చూసింది. కోప్పడలేదు. చాట తీసి పక్కన పెట్టింది, చేతులకంటిన పొగాకు కొంగుకి తుడుచుకుంది. కుడి చెయ్యి ముందుకు చాపింది. చాపి, ఉంగరం వేలూ చిటికెన వేలూ మడిచేసింది. బొటనవేలు వాటి మీద వేసి నొక్కిపట్టింది. మిగిలిన చూపుడు వేలూ మధ్య వేలూ జత చేసి, నిటారుగా లేపింది. అలా పట్టుకునే ఉంది.

ఆ మాట నేను ఇంతకు ముందు చూశాను. ఎన్ని శుక్రవారాలు చూశానో. చిరిగిన బొమ్మలో ఆమె రెండు వేళ్ళు లేపడం తెలిసేది, ఏ రెండో తెలిసేది కాదు. పాత మాటే అంటోందనుకుని ఈయన ప్రతిసారీ తల దించుకునేవాడు. ఆవిడ ఎప్పుడో మాట మార్చేసుకుంది. ఆయనకి మిగిలిన వేళ్ళతో కొత్తది కట్టి, ఈయనకి కనపడేదాకా వారం వారం అంటూనే ఉంది.

ఆయన ఎడమ చేత్తో ఏదో అడిగాడు, ఎప్పుడు తెలిసిందని కాబోలు. ఆమె చేతులు గబగబా కదిలాయి. ఆయన నా వైపు తిరక్కుండానే అర్థం చెప్పాడు.

"మొదటి వారమే తెలుసంట తమ్మీ. బొమ్మ చినిగితే ఒక్కోపారి ఒక్కోతాన చినుగుతది, నీ చెయ్యి ఎప్పుడు గాడనే చినుగుతాంది అంటాంది."

జీవితమంతా చేతులే చూసి బతికిన మనిషి దగ్గర చెయ్యి దాస్తాడండి ఈ పిచ్చి మారాజు! నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు, ఎందుకు దాచుకోవడం. చాయ్ గ్లాసులు కింద పెట్టేశాను.

ఆయన కుడి చెయ్యి బల్ల కింద నుంచి మెల్లగా పైకి తెచ్చాడు. మడవడానికి ఆయనకి వేళ్ళు లేవు. ఉన్న రెండూ జత చేసి లేపాడంతే. ఆమె అటు, ఈయన ఇటు, ఒకటే మాట పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. నేను బయటికొచ్చి గోడనీడలో నిలబడ్డాను.

కప్పు మొదలయ్యే ముందు ఆయనకి టికెట్టు వచ్చింది. ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను, బాబాని అడిగి పెద్దబండి తీసుకుని. దేశదేశాల వాళ్ళు రంగురంగుల చొక్కాలేసుకుని లోపల్నుంచి వస్తుంటే, ఈయన బియ్యం సంచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. ల్యాప్‌టాప్ వదిలేసి పో అన్నా, ఇక దాంతో పనేముంది అన్నాను. ఒప్పుకోలేదు. ఆ మందు రాసేటాయన ఇంకా రాస్తూనే ఉంటాడు కదా, ఇది తెరవకపోతే ఆయన కష్టం వృథా అన్నాడు.

అద్దాల తలుపు దాటాక వెనక్కి తిరిగాడు. ఏదో అన్నాడు, ఆ గోలలో నాకు వినపడలేదు. అది ఆయనకీ తెలిసింది. సంచి కింద పెట్టి, అంతమంది జనం మధ్య, జేబులోంచి కుడి చెయ్యి బయటికి తీశాడు. రెండు చేతులూ ఎత్తి స్టీరింగ్ తిప్పాడు.